అప్‌డేట్: డిస్‌ప్లే బోర్డు మీద తెలుగు పేర్లు సగంలో తెగిపోవడం – కారణం దొరికింది

తెలుగు పేర్లు ఎందుకు తెగిపోతున్నాయని పోయిన వారం ఇక్కడ అడిగింది నేనే. విశాఖలో మేం పెట్టిన బోర్డు మీద 'ద్వారకా బస్ స్టేషన్ మద్దిలపాలెం' అన్న లైను 'మద్' దగ్గర ఆగిపోయి, పక్కన ఒక ఖాళీ డబ్బా కనిపించేది. అదే పేరు ఇంగ్లీషులో పూర్తిగా వచ్చేది. రెండు రోజులు ఫాంట్‌నే అనుమానించాను.

ఫాంట్‌లో గ్లిఫ్‌లు (అంటే అక్షరాల బొమ్మలు) ఎక్కువైపోయాయేమో అని ఒకరు అన్నారు. గ్లిఫ్ నంబరు 16 బిట్లే కాబట్టి 65,535 దాటకూడదన్నది నిజమే, కానీ మా తెలుగు ఫాంట్ ఆ దరిదాపుల్లో కూడా లేదు.

అసలు తప్పు బోర్డు మీద అక్షరాలు గీసే ప్రోగ్రాంలో ఉంది. లైనుకు 64 బైట్ల మెమరీ అని కోడ్‌లోనే రాసేశారు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి కావాలి. లెక్క వేస్తే 'మద్' వరకు 63 బైట్లు, తర్వాతి 'ద'లో ఒక్క బైటే పట్టింది. ఆ ముక్కే డబ్బా! మొత్తం లైనుకు 87 కావాలి.

64ని 256 చేయమన్నారు కానీ నాకు మనసొప్పలేదు, రేపు ఇంకో పొడుగు పేరు వస్తే మళ్లీ ఇదే టెన్షన్. అందుకే లైను పొడవును బట్టి మెమరీ తీసుకునేలా మార్చాను. నిన్న రాత్రి 'మద్దిలపాలెం' పూర్తిగా వచ్చింది.