రోజాలో (రంజాన్ ఉపవాసంలో) మంచినీళ్లు కూడా ఎందుకు తాగరు? పేదవాళ్లు కూడా ఎందుకు ఉండాలి?

ఆటోనగర్_మెకానిక్:
అందరికీ నమస్కారం. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. బెజవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. మా దగ్గర వెల్డింగ్ చేసే కుర్రాడు ముస్లిం. రంజాన్ నెలంతా రోజా ఉంటాడు. మార్చిలోనే ఇక్కడ రేకుల కింద ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, అందులో ఆ మంట ముందు కూర్చుని సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టడు. నేనూ కార్తీక సోమవారాలు ఉంటాను, కానీ పాలో పండో తీసుకుంటా, నీళ్లకైతే అడ్డే లేదు. ఎందుకురా ఇంత కష్టం అంటే "అదంతే అన్నా" అని నవ్వి ఊరుకున్నాడు.

నేను చదివిన చోటల్లా "పేదల ఆకలి తెలియడానికి" అని రాశారు. సరే, డబ్బున్నవాడికి తెలియాలి, బాగుంది. మా వాడికి కొత్తగా తెలియాల్సిందేముంది? వాడి చిన్నతనమంతా ఆకలే. మరి వాడెందుకు ఉండాలి? ఇంకోటి, ఉమ్మి కూడా మింగకూడదంటారు, నిజమేనా?

ఒంగోలు_నూర్‌బాషా:
ముందు చిన్నది తేల్చేద్దాం. ఉమ్మి మింగొచ్చు అన్నా! ఈ ప్రశ్న నన్ను స్కూల్లో ఒకరు, కాలేజీలో ఒకరు, ఆఫీసులో నలుగురు అడిగారు.

మేం దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. మా నానమ్మ రోజా అనేది కాదు, "ఒక్కపొద్దు" అనేది. మీ రెండో ప్రశ్న మాత్రం చాలా మంచిది, ఎందుకంటే ఆ "పేదల ఆకలి" జవాబు మావాళ్లూ అలవాటుగా చెప్పేస్తుంటారు. కానీ ఉపవాసం విధిస్తూ ఖురాన్ చెప్పిన మాట (రెండో సూరా, 183వ ఆయత్, అంటే రెండో అధ్యాయంలో 183వ వాక్యం) చూస్తే అక్కడ ఆకలి ప్రస్తావనే లేదు. మీకంటే ముందువాళ్లకు విధించినట్టే మీకూ ఉపవాసం విధించాం, మీలో తఖ్వా కలగాలని, అంతే ఉంటుంది. తఖ్వాని తెలుగులో భయభక్తులు అని రాస్తారు. నాకైతే ఆ మాట సగమే అనిపిస్తుంది. దేవుడు చూస్తున్నాడన్న ఎరుకతో, ఎవరూ చూడని చోట కూడా చెయ్యి వెనక్కి తీసుకోవడం అంటే దగ్గరగా ఉంటుంది. పేదల కోసం రంజాన్‌లో వేరే ఏర్పాట్లున్నాయి. జకాత్ (స్తోమత ఉన్నవాళ్లు ఏడాదిపాటు తమ దగ్గర నిలిచిన సొమ్ములో రెండున్నర శాతం తీయాలి) చాలామంది ఈ నెలలోనే ఇస్తారు, పండగ నమాజుకు ముందే ఫిత్రా (పేదలకిచ్చే పండగ దానం) ఇవ్వాలి. ఆకలి తెలిస్తే ఆ చెయ్యి ఇంకాస్త తేలిగ్గా లేస్తుంది, అది నిజమే. కానీ అసలు సంగతి అది కాదు.

నీళ్ల గురించి చెప్తా. నమాజుకు ముందు వుజూ (చేతులు, మొహం, కాళ్లు కడుక్కోవడం) చేస్తాం కదా, అందులో నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయాలి, మూడుసార్లు. మధ్యాహ్నం జొహర్‌కి, సాయంత్రం అసర్‌కి, అంటే సరిగ్గా గొంతు పిడచగట్టుకుపోయే వేళల్లో, చల్లటి నీళ్లు నోట్లోనే ఉంటాయి. ఒక్క గుటక వేస్తే కనిపెట్టేవాడు ఈ భూమ్మీద లేడు. ఉమ్మేస్తాం. మిగతా ఆరాధనలు పక్కవాడికి కనిపిస్తాయి, ఇది కనిపించదు. "ఉపవాసం నా కోసం, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను" అని అల్లాహ్ అన్నట్టు హదీసు (ప్రవక్త చెప్పిన మాట) ఉంది, నాకు అది ఎప్పుడూ ఈ గుటక దగ్గరే గుర్తొస్తుంది.

ఎనిమిదేళ్లప్పుడు నేను ఆ గుటక వేశాను లెండి. స్నానాలగదిలో చెంబెడు నీళ్లు తాగేసి మూతి తుడుచుకుని నీరసం నటిస్తూ వచ్చి పడుకున్నా. నానమ్మ నా మొహం చూసి "నా కోసమా ఏంటే నువ్వుండేది" అనేసి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తిట్టలేదు కూడా. (ఆ వయసు పిల్లలకు రోజా తప్పనిసరే కాదు, సరదాకి ఉంటారు.) రోజా ఉన్న సంగతి మర్చిపోయి తాగితే మాత్రం రోజా పోదు, గుర్తొచ్చాక ఆపేస్తే చాలు. అంటే లెక్క కడుపులో ఏం పడిందన్నది కాదు.

ఇక మీ కుర్రాడి సంగతి. లేక మానడం వేరు, ఉండి మానడం వేరు. చిన్నప్పుడు ఆకలి అతని మీద పడింది, ఇప్పుడు పక్కనే కుండ నిండా నీళ్లుండగా అతనే వద్దనుకుంటున్నాడు. ఆ వద్దనుకోవడంలో అతనూ కోటీశ్వరుడూ ఒకటే.

హెల్త్_గురు:
రోజా వెనక సైన్స్ ఉంది ఫ్రెండ్స్, ఉపవాసంతో బరువు తగ్గుతారు, అందుకే పూర్వీకులు పెట్టారు.

పాతబస్తీ_వాలా:
బరువు తగ్గుతారా! భాయ్, ఒక్కసారి రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గరికి వచ్చి చూడండి, నేను ప్రతి ఏడాదీ రెండు కిలోలు పెరుగుతా. రోజా డైటింగ్ కోసం కాదు, రేపు ఏ డాక్టరో దీనివల్ల లాభం లేదన్నా మేం ఉంటాం.

హైదరాబాద్‌లో రంజాన్ అంటే హలీం అయిపోయింది, అదో బాధ నాకు. తినొద్దని కాదు, నేనే లైన్లో మొదట ఉంటా. కానీ ఈ నెల గొప్పదనం తిండిలో లేదు, తిండి మానడంలో మాత్రమే కూడా లేదు. ఖురాన్ దిగడం మొదలైంది ఈ నెలలో. మక్కా దగ్గర హిరా గుహలో, క్రీ.శ. 610లో, ముహమ్మద్ ప్రవక్తకు వచ్చిన మొదటి మాట "చదువు" అని. ఉపవాసాలు ఫర్జ్ (తప్పనిసరి) అయింది ఆ తర్వాత చాలా ఏళ్లకు, మదీనా వెళ్లాక, ఇస్లామీ క్యాలెండర్ లెక్కన హిజ్రీ 2లో. అంటే ముందు గ్రంథం, తర్వాత ఉపవాసం. పగలు కడుపు ఖాళీ పెట్టేది రాత్రి ఆ మాట వినడానికి అని మా ఉస్తాద్ చెప్పేవారు. ఇషా (రాత్రి నమాజు) తర్వాత తరావీ అనే రంజాన్ ప్రత్యేక నమాజులో హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం చేసినవాడు) రోజుకింత చొప్పున చదువుతూ నెలలో ముప్ఫై పారాలూ (ఖురాన్ భాగాలూ) పూర్తి చేస్తాడు. ఉద్యోగం చేసొచ్చి ఇఫ్తార్ అయ్యాక అంతసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి, నిజం చెప్తున్నా, కొన్ని రాత్రులు నా ధ్యాసంతా ఎన్ని రకాతులు (నమాజులో విడతలు) మిగిలాయా అన్నదాని మీదే ఉంటుంది. కానీ ఏదో ఒక రాత్రి ఒక్క ఆయత్ దగ్గర గొంతు పట్టేస్తుంది. దానికోసమే మిగతా రాత్రులు నిలబడతాను.

చివరి పది రోజులు కొందరు మసీదులోనే ఉండిపోతారు, ఎతెకాఫ్ అంటారు. ఖురాన్ దిగిన రాత్రి షబే ఖద్ర్ ఆ పదిలోనే, బేసి రాత్రుల్లో వెతకమన్నారు. వెయ్యి నెలలకంటే మేలైన రాత్రి, అంటే 83 ఏళ్లకు పైమాట, ఒక మనిషి ఆయుష్షు. ఫలానా రాత్రి అని తేల్చి చెప్పలేదు. ఇక్కడ 27వ రాత్రి మసీదులు కిటకిటలాడతాయి, 29న సగం ఖాళీ, ఆ వేళకి అందరూ బట్టల షాపుల్లో ఉంటారు. నేనూ ఉంటా.

ఇంకో హదీసు కూడా ఉంది, అబద్ధాలు చెప్పడం మానని మనిషి తిండీ నీళ్లూ మానడం అల్లాహ్‌కు అవసరం లేదని. నేను వ్యాపారంలో ఉన్నా కాబట్టి నాకు దాహంకంటే ఇదే కష్టం. "పార్సిల్ బయల్దేరిపోయింది సార్" అనే మాట ఈ నెలలో నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

కడప_టీచర్:
ఒక మాట కలుపుతాను. మా నాన్నగారికి షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. డాక్టరు వద్దన్నా రెండేళ్లు మొండిగా రోజాలున్నారు, ఒకరోజు అసర్ వేళ కళ్లు తిరిగి పడిపోయారు. తర్వాత మా ఇమామ్ గారే ఇంటికొచ్చి కూర్చుని చెప్పారు, జబ్బు మనిషికి మినహాయింపు ఇచ్చింది అల్లాహ్, ఆయన మీకు సులువు కోరుతున్నాడు, కష్టం కోరడం లేదు అని ఆ ఆయత్‌లోనే ఉంది, ఇచ్చిన సడలింపు కాదనడానికి మనమెవరం అని. ఇప్పుడు మానిన ఒక్కో రోజుకీ ఒక పేదవాడికి అన్నం పెడుతున్నారు, ఫిద్యా. అయినా సహర్‌కి (తెల్లవారకముందు తినే వేళకి) మాతోపాటు లేచి కూర్చుంటారు, మేం తింటుంటే చూస్తూ.

ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా తర్వాత ఉండొచ్చు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు అసలు ఉండకూడదు, తర్వాత పూర్తి చేసుకుంటాం. కానీ ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్ల కంటపడకుండా వంటగది తలుపు చాటున నిలబడి అన్నం మింగడం చాలామంది ఇళ్లలో ఉంది. మతంలో లేని సిగ్గు ఇది, ఎవరు తెచ్చిపెట్టారో. 2019లో రంజాన్ మే 7న మొదలైంది, కడప ఎండలో పద్నాలుగు గంటలకు పైనే రోజా. అప్పుడు మానినవి నేను డిసెంబర్‌లో పెట్టుకున్నా, హాయిగా అయిపోయాయి. చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది, అన్ని కాలాలూ అందరికీ తగులుతాయి. 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబర్ చివర్లో ఇంకోటి, ఒకే ఏడాదిలో రెండుసార్లు మొదలవుతుంది.

ఆటోనగర్_మెకానిక్:
అందరికీ థాంక్స్. ఆ పుక్కిలించే సంగతి చదివాక ఇవాళ మధ్యాహ్నం గమనించా. షెడ్డు వెనక పంపు దగ్గర వాడు వుజూ చేసుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా చూస్తున్నా, నీళ్లు నోట్లోకి వెళ్లి బయటికి వస్తున్నాయన్నది ఎప్పుడూ కళ్లకు ఆనలేదు. ఎండ పెరిగేలోపు వెల్డింగ్ అయిపోయేలా రేపటినుంచి పొద్దున్నే రమ్మన్నా, మధ్యాహ్నం ఫిట్టింగ్ పని చూసుకుంటాడు. మేం వాడి ముందు టీ తాగితే తప్పా? ఇంకోటి, రేపు ఇఫ్తార్‌కి ఖర్జూరం తీసుకెళ్దామనుకుంటున్నా, ఏ రకం తేవాలి?

ఒంగోలు_నూర్‌బాషా:
టీ నిక్షేపంగా తాగండి, దాక్కుని తాగితేనే మాకు ఇబ్బంది. ఖర్జూరం ఏదైనా పర్లేదు, ఖరీదైనవి తేకండి. మా ఇంట్లో ఒకటో మూడో, బేసి లెక్కన తింటాం. అజాన్ వినపడేదాకా ఆగి, మీరూ అతనితోపాటు ఒకటి నోట్లో వేసుకోండి.