రొయ్యకు లేదా బారెడు మీసం: ఎవరు కొలిచారు?

ప్రశ్న:
మొన్న గ్రూపులో కంబోడియా టేకు చేప (ఇంగ్లీషులో స్టింగ్‌రే) ఫోటో ఒకటి తిరిగింది. 2022 జూన్‌లో మెకాంగ్ నదిలో దొరికింది, 300 కిలోలట. కింద కామెంట్లలో "చాపంత చేప", "మంచమంత చేప" అని మొదలై, చివరికి ఒకాయన "ఇదేముందండీ, మా గోదారి రొయ్యకే బారెడు మీసం" అనేసరికి చేప సంగతి పక్కకెళ్ళిపోయింది. నా సందేహం ఒక్కటే. ఈ సామెతలో బారెడు అన్నది ఉత్త కోతేనా? మూరెడు అంటే సరిపోయేది కదా?

జవాబు:
ముందు లెక్క తేల్చేద్దామండి. జాన అంటే తొమ్మిది అంగుళాలు. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. అంటే ఆరడుగులు. మన డెల్టాలో నీలకంఠ రొయ్య ఉంది కదా, ప్రపంచంలోని మంచినీటి రొయ్యల్లో అతి పెద్ద జాతుల్లో అదొకటి. మగది బాగా పెరిగితే తల నుంచి తోకదాకా 32 సెంటీమీటర్లు వస్తుంది. జానెడున్నరకి కాస్త తక్కువ. మీసాలు ఒంటిని మించి ఉంటాయి గానీ ఎంత సాగదీసినా బారెడు రావు. కాబట్టి కోతే.

అయితే బారెడు అన్నమాట టేపు పట్టుకుని ఎవరూ వాడరు. "బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవలేదా" అంటాం. ఆకాశాన్ని ఎవడు కొలిచాడు? చేతులు చాచి చూపించడమే అది. జానెడు పొట్ట అన్నప్పుడు కొంచెమని, బారెడు అన్నప్పుడు బోలెడని. మధ్యలో ఉన్న మూరెడుకి పాపం ఆ దర్జా లేదు. సామెతలో మూరెడు పెడితే నిజానికి దగ్గరవుతుంది, పస పోతుంది.

కామెంట్లలోని "చాపంత", "మంచమంత" వేరే రకం. అవి కంటికి ఆనిన పోలికలు. చేరెడు, దోసెడు, గంపెడు, బారెడు మాత్రం కొలత మాటలు. కోత కోసినా కొలిచి చెప్పినట్టే వినిపిస్తాయి. కొండంత ఆశ, గంపెడాశ రెండూ అంటాం కదా, రెండోదానిలో ఎవరో గంప పట్టుకుని నింపినట్టుంటుంది.

నాకు మాత్రం ఈ సామెతలో బారెడు కంటే మీసం దగ్గరే రుచి ఎక్కువ. ఎవడైనా మీసం మెలేసి మగాణ్నంటూ బయల్దేరితే వేసే చురక ఇది. యానాం మార్కెట్లో తడి గోనె మీద నీలకంఠ రొయ్యలు పోసినప్పుడు చూడండి. మీసాలు ఒకదానివి ఒకదానితో చిక్కుపడి, ఒక రొయ్యని లేపితే పక్కది కూడా కదులుతుంది. ఆ కుప్పలో మీసాన్ని బట్టి మగదేదో, ఆడదేదో చెప్పండి చూద్దాం. చెప్పలేరు, ఎందుకంటే ఆడరొయ్యకీ పొడుగాటి మీసాలే. పెద్ద మగదాన్ని పట్టిచ్చేది దాని నీలం చేతులు. ఒంటికంటే పొడుగ్గా, సన్నటి ముళ్ళతో గరుగ్గా ఉంటాయి. (నీలం చేతుల్లో ఉంటే పేరు కంఠానికి ఎందుకెళ్ళిందో ఆ శివుడికే తెలియాలి.) చెరువులో పెత్తనం కూడా ఆ చేతులదే. నీలం చేతుల మగది ఉన్నంతసేపు మిగతా మగవి ఎదక్కుండా ఉండిపోతాయి. అందుకే పెంచేవాళ్ళు పెద్దవాటిని ముందు పట్టేస్తారు, అప్పుడు వెనకబడినవి అందుకుంటాయి. కొలత దగ్గర సామెత కోత కోసిందేమో గానీ, మీసానికీ మగతనానికీ సంబంధం లేదన్న సంగతి మాత్రం రొయ్య విషయంలో అక్షరాలా నిజం.

ఇంకొకరు:
బాగుంది మాస్టారూ, కానీ సముద్రపు రొయ్యలకీ మీసాలు పొడుగే. టైగర్ రొయ్యని చూళ్ళేదా? సామెత మొత్తం నీలకంఠకి రాసిచ్చేయడం మీ గోదారోళ్ళ గొప్ప.

జవాబు:
ఆయ్, గొప్పే అనుకోండి. సామెతకి పట్టా ఏముంది, ఏ రొయ్యని చూసి పుట్టినా పుట్టొచ్చు. అయినా నీలకంఠ కూడా పూర్తిగా మంచినీటి సరుకు కాదు. గుడ్లతో ఉన్న ఆడది ఏటిమొగ దాకా దిగుతుంది. పిల్లలు ఉప్పు కలిసిన నీళ్ళలో కొన్నాళ్ళు పెరిగి, ఆ తర్వాత ఏరెక్కుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఎదురెక్కేవాటికి అక్కడ అడ్డు. పులస కథా అంతే కదా, వరదనీటికి సముద్రంలోంచి వచ్చి ఆ ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. మన డెల్టాలో ఇది మంచినీటిది, అది ఉప్పునీటిది అని గీత గీయడం కష్టమండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే బారెడుకి నిజంగా తూగేది ఏదీ లేదన్నమాట.

జవాబు:
ఎందుకు లేదు, మీరు చెప్పిన టేకే ఉంది. మూతి నుంచి తోక కొస దాకా 3.98 మీటర్లు, రెండు బారల పైమాటే. దానికి బోరమీ అని పేరు పెట్టారు, ఖ్మేర్ భాషలో పున్నమి అని. ఎటు తిరుగుతుందో తెలుసుకోడానికి ట్యాగ్ తగిలించి మళ్ళీ నదిలోనే వదిలేశారు. కాకపోతే టేకుకి మీసం లేదు.

మీసం కావాలంటే జెల్ల ఉందిగా అంటారేమో. బోరమీకి ముందు మంచినీటి చేపల్లో బరువు రికార్డు జెల్లదే, 2005లో థాయ్‌లాండ్‌లో దొరికిన 293 కిలోల మెకాంగ్ జెల్లది. కానీ ఆ జాతికి చిన్నప్పుడున్న మీసాలు పెద్దయ్యేకొద్దీ దాదాపు మాయమైపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలండి, మా కామెంటాయనకి ఇదే పంపిస్తాను. ఆయనకీ మీసం బాగా పొడుగు.