అతిచురుకు పిల్లలకు మెలటోనిన్: ముందు సీసానా, రక్త పరీక్షా?

చంపావతి గట్టు:
ఏడీహెచ్‌డీ (అతిచురుకు, నిలకడలేమి) ఉన్న ఏడేళ్ల గుంటడు రాత్రి పదకొండైనా పడుకోడు. టీవీ, ఫోన్ ఎనిమిదికే కట్టేసినా అంతే. అలాంటప్పుడు డాక్టరు రాస్తే మెలటోనిన్, అంటే నిద్ర హార్మోన్ మందు, ఇవ్వడంలో తప్పేటి? 1 మి.గ్రా.తో మొదలెట్టి, పక్కెక్కే వేళకి అరగంట, గంట ముందు ఇస్తే చాలు. ఇల్లంతా జాగారం చేసేకన్నా నయం.

నాగావళి నీళ్లు:
ఏ నిద్ర చెడిందో తేల్చారా? మెలటోనిన్ నిద్ర తొందరగా పట్టిస్తుంది, అంతవరకే. పడుకున్నాక కాళ్లు విదిలించుకుంటూ మాటిమాటికీ లేచే పిల్లకి అది పనికిరాదు. ఆ పిల్లకి ఫెర్రిటిన్ చూడాలి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష అది. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెర్రిటిన్ మి.లీ.కి 50 నానోగ్రాముల లోపుంటే ఆ కాళ్ల బాధకి ఐరన్ ఇచ్చి చూస్తారు. 2004లో పారిస్‌లో 53 మంది ఏడీహెచ్‌డీ పిల్లల్ని పరీక్షిస్తే సగటు ఫెర్రిటిన్ 23, ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లో 44. జ్వరంలో మాత్రం ఈ పరీక్ష చేయించకండి, అంకె ఎక్కువ చూపించి లోటుని దాచేస్తుంది.

మందుల బల్ల:
అలాగని ఐరన్ ఊరికే పోసేయకండి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు సికిల్ సెల్, తలసేమియా అనే వంశపారంపర్య రక్త జబ్బులు కూడా ఉంటాయి. రక్తం తక్కువైన ప్రతి పిల్లకీ ఐరన్ తక్కువని కాదు. లోటు తేలితే కిలోకి రోజుకి 3 మి.గ్రా. అసలు ఐరన్, అంటే 20 కిలోల పిల్లకి 60. సీసా మీద ఐరన్ సమ్మేళనం బరువు ఒకటి, అందులో అసలు ఐరన్ మరొకటి రాసుంటాయి, రెండోది లెక్క. డ్రాప్స్ సిరప్ కన్నా చిక్కన, చెంచాతో పోస్తే మోతాదు మించిపోతుంది. పాలు, టీ, చోడి అంబలితో కలిపిస్తే సరిగా వంటబట్టదు. నిమ్మనీళ్లతో ఇవ్వండి. సీసా మాత్రం అటక మీదే, ఐరన్ ఎక్కువైతే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.

చంపావతి గట్టు:
ఒప్పుకుంటాను. కానీ ఐరన్ నిండడానికి నెలలు పడుతుంది. అంతవరకూ?

నాగావళి నీళ్లు:
ఏడీహెచ్‌డీకి వాడే మందు మిథైల్‌ఫెనిడేట్ వేళలు చూడండి. మామూలు మాత్ర పని చేసేది దగ్గర దగ్గర నాలుగు గంటలు. ట్యూషన్ కోసమని సాయంత్రం ఐదింటికి ఇంకోటి వేస్తే తొమ్మిదింటికి నిద్రెలా వస్తుంది? ఆ మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడాకే మెలటోనిన్ మాట.

మందుల బల్ల:
ఆన్‌లైన్‌లో అమ్మే మెలటోనిన్ గమ్మీలు (నమిలే బిళ్లలు) మాత్రం వద్దు. అమెరికాలో 25 రకాలు కొలిచి 2023లో లెక్క బయటపెడితే 22 లేబుల్‌కి సరిపోలేదు, ఒకదాంట్లో మెలటోనినే లేదు. పిల్లలకది మిఠాయి, డబ్బా ఖాళీ చేసేస్తారు. జలుబు సిరప్‌తో పడుకోబెట్టడం ఇంకా తప్పు, కొందరికి నిద్ర ఎగిరిపోయి గంతులు ఎక్కువవుతాయి. ఒమేగా-3 (చేపనూనెలో ఉండే కొవ్వు) వల్ల లాభం కొంచెమే. సీసాకి డబ్బు పోసే బదులు సంతలో నూనె కవ్వళ్ల చేపలు కొనండి.

చంపావతి గట్టు:
కవ్వళ్లు సరే. పక్కెక్కి గంటైనా కళ్లు మూయని గుంటడికి, కాళ్ల బాధా లేదు, సాయంత్రం మాత్రా లేదు అనుకోండి. అప్పుడూ వద్దంటారా?

నాగావళి నీళ్లు:
అప్పుడు వద్దనను.