లాటిన్ జాజ్ కచేరీకి మొదటిసారి వెళ్తున్నాం, సమం ఎక్కడ పట్టుకోవాలి?

అలిపిరి_మెట్లు:
చెన్నైలో లాటిన్ జాజ్ కచేరీకి రెండు టికెట్లు తీసుకున్నాం, నేనూ మా నాన్నా వెళ్తున్నాం. ఆయనకు మృదంగం వచ్చు. మా తిరుపతి మహతి హాల్లో కచేరీ అంటే తొడ మీద తాళం వేస్తూ కూర్చుంటారు. ఈ సంగీతం నాలుగైదు పాటలు వినిపిస్తే, వాయింపు బాగుంది గానీ సమం (తాళం మొదలయ్యే చోటు) చేతికి అందలేదన్నారు. ఎలా పట్టుకోవాలి? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? ఏ వరసలో కూర్చుంటే మంచిది? ముందుగా ఏం విని పోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

లయపిచ్చి:
ఆది తాళం వచ్చినాయనకు ఇది కష్టం కాదు తమ్ముడూ. క్యూబా నుంచి వచ్చిన ఈ లయకంతా మూలం క్లావె అనే ఐదు దెబ్బల వరస. దాన్ని రెండు కర్రముక్కలతో వాయిస్తారు. వేదిక మీద ఆ కర్రలు లేకపోయినా అందరి లోపలా అదే నడుస్తుంటుంది. నాన్నగారిని ఇలా చెప్పమనండి:

తకిట తకిట తకధిమి తక తకధిమి

3+3+4+2+4, మొత్తం 16 మాత్రలు (అక్షరాలు). ప్రతి ముక్కకూ మొదటి అక్షరం మీద ఒక దెబ్బ. ఇదే సోన్ క్లావె. ఇప్పుడు చేత్తో ఆది తాళం వేస్తూ, క్రియకు, అంటే తాళంలో చెయ్యి చేసే ఒక్కో కదలికకు, రెండక్షరాల చొప్పున చెప్పండి. మొదటి దెబ్బ సమం మీద పడుతుంది. రెండోది చిటికెనవేలు దాటాక అర (సగం క్రియ) మీద, మూడోది సరిగ్గా మధ్యవేలి మీద, నాలుగోది మొదటి ద్రుతం (ఘాత, ఉసి జత) ఉసి (చెయ్యి తిప్పడం) మీద, ఐదోది రెండో ద్రుతం ఘాత (అరచేతి దెబ్బ) మీద. ముందు సగంలో మూడు, వెనక సగంలో రెండు కాబట్టి 3-2 అంటారు. కొన్ని పాటలకు సగాలు తిరగబడి 2-3 అవుతుంది. ఏదైనా సరే, ఒకసారి ఎత్తుకున్నాక క్లావె నడక తెగదు. పాటే దానికి ఒదగాలి.

సమం అందకపోవడానికి కారణం బాస్, అంటే మంద్రంలో మోగే తీగ వాయిద్యం. సగం ఆవర్తనానికి (తాళం ఒక చుట్టులో సగానికి) నాలుగు క్రియలు కదా, బాస్ వాయించేవాడు రెండో క్రియ అర మీద ఒకటి, నాలుగో క్రియ మీద ఒకటి వేసి, ఒకటో క్రియను కావాలనే వదిలేస్తాడు. పైగా నాలుగో క్రియ మీద అతను వేసే స్వరం తర్వాతి భాగానిది. చెవి దాన్నే ఎత్తుగడ అనుకుంటుంది, అక్కడితో తాళం ఒక క్రియ జరిగిపోతుంది. కొత్తగా వినేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కాబట్టి బాస్‌ని వదిలి కాంగా (చేతులతో వాయించే పొడవాటి డోలు) వాయించేవాడి చేతులు చూడండి. ఎడమచెయ్యి మణికట్టు, వేళ్ళు మార్చి మార్చి మెల్లగా ఊగుతుంటుంది. రెండో క్రియ మీద కుడిచెయ్యి చురుక్కుమని ఒక దెబ్బ. నాలుగో క్రియ మీద, దాని అర మీద రెండు తెరిచిన మోతలు, గుం గుం. ఆ గుం గుం వెంటనే వచ్చేదే ఒకటి. లెక్క తప్పినా మళ్ళీ గుం గుం కోసం ఆగితే చాలు, రెండు క్షణాల్లో దొరుకుతుంది.

స్వర్ణముఖి:
చప్పట్ల సంగతి నేను చెప్తాను. ఒక్కొక్కరి సోలో ముగియగానే, పాట నడుస్తుండగానే కొట్టాలి. మన తనిలో (మృదంగం ఒంటరి వాయింపులో) కోర్వై (ముగింపు వరస) వచ్చి కలిసినప్పుడు కొట్టినట్టే. బాస్ సోలోలో మిగతావాళ్ళు బాగా తగ్గిపోతారు, అప్పుడు గుసగుసలాడినా వినిపిస్తుంది. పాటతోపాటు తాళం చప్పట్లు మాత్రం వాళ్ళు అడిగితేనే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల వెనక కొట్టిన చప్పట్టు వేదికకు చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. జోరు పాటలో అది దాదాపు ఒక మాత్ర, వాయించేవాళ్ళకు నరకం.

ముందు రెండు వరసలు వద్దు. ట్రంపెట్ నోరు ఎటు చూస్తే శబ్దం అటే దూసుకొస్తుంది, టింబాలెస్ అనే రేకు డోళ్ళ పక్కన ఉండే గంట చెవుల్లో గుచ్చుకుంటుంది. 5 నుంచి 8 వరసల్లో, కాంగాలు కనబడే పక్కన చూసుకోండి. పెద్దాయనకు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ జేబులో పెట్టండి. ఏసీ చలి జాస్తి, శాలువా కూడా.

సాధారణంగా రెండు సెట్లు, ఒక్కోటి 45 నిమిషాల నుంచి గంట, మధ్యలో విరామం. ఏడున్నరకు మొదలైతే పది దాటుతుంది. తిరుగు బస్సు పదకొండు తర్వాతిదే తీసుకోండి, ఎక్కేది మాధవరమా కోయంబేడా అని టికెట్ మీద చూసుకోండి.

అలిపిరి_మెట్లు:
థాంక్స్ అన్నా, గుం గుం పట్టుకున్నాం! ఒక పాటలో మాత్రం మూడో దెబ్బ వెనకబడినట్టుంది. తప్పు మాదేనా? ఇంకోటి, ఒకాయన పాడితే గుంపు జవాబుగా పాడే భాగం ఎంతకీ అయిపోదు, అదేంది?

లయపిచ్చి:
మీ తప్పు కాదు, అది రుంబా క్లావె. తకిట తకధిమి తకిట తక తకధిమి. మూడో దెబ్బ ఒక్క మాత్ర జరుగుతుంది, మిగతా నాలుగూ ఎక్కడివక్కడే. నాన్నగారి చెవి భలే ఉంది.

ఎంతకీ అవనిది మోంతూనో. పియానో చిన్న వరస ఒకటి పట్టుకుని తిప్పుతూనే ఉంటుంది, దానిమీద గుంపు పాట. మన భజనలో ముందు పాడినాయన ఏమంటే గుంపు అదే అంటుంది. ఇక్కడ గుంపు వాక్యం మారదు, మధ్య ఖాళీల్లో గాయకుడే కొత్తకొత్తగా కల్పిస్తాడు. ఎన్నిసార్లు తిప్పాలో ముందుగా అనుకోరు. నాయకుడు వేలు తలకేసి చూపిస్తే మొదటి బాణీకి రమ్మని, పిడికిలి పైకెత్తితే ముగింపు అని. అది కనిపెట్టారంటే ముగింపు మీకు ముందే తెలిసిపోతుంది.

కోనేటిగట్టు:
వినడానికి మూడు చాలు, కానీ ఇయర్‌ఫోన్స్‌తో. ఫోన్ స్పీకర్‌లో బాస్ వినపడదు, అది లేకపోతే సగం లయ పోయినట్టే. మొదట టీటో ప్యూయెంటె వాయించిన 'ఓయె కోమో వా'. నిదానమైన చా-చా-చా (క్యూబా నాట్యం) లయ కాబట్టి సాధనకు బాగా పనికొస్తుంది. 1970లో శాంటానా బృందం చేసింది రాక్ వైపు వెళ్ళింది, దాంతో మొదలుపెట్టొద్దు. తర్వాత 'మంతేకా', 1947 నాటిది, ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీ, హవానా నుంచి వచ్చిన కాంగా వాద్యకారుడు చానో పోజో కలిసి చేసింది. మధ్యలో క్యూబా లయ వదిలి స్వింగ్‌లోకి (మామూలు జాజ్ ఊగే నడకలోకి) పోతుంది, ఆ మలుపు విన్నాక లాటిన్‌కీ మామూలు జాజ్‌కీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మూడోది మోంగో శాంతమరియా 'ఆఫ్రో బ్లూ'. తిశ్రంలో (మూడేసి లెక్కలో) నడుస్తుంది, నాన్నగారికి నచ్చి తీరుతుంది.

పోస్టర్ మీద బ్రెజిల్, బోసా నోవా అని ఉంటే మాత్రం పైన చెప్పిన క్లావె లెక్కతో వినకండి. అది సాంబా అనే బ్రెజిల్ నాట్యలయ నుంచి వచ్చింది, వరస వేరు, వాయింపు మెత్తన. అప్పుడు 1964లో వచ్చిన 'గెట్జ్/జిల్బెర్టో' ఆల్బమ్ వినిపించండి.

అలిపిరి_మెట్లు:
ఇంట్లో రెండు కర్రలతో నాన్న మొదలుపెట్టేశారు, కానీ మొద్దుగా టక్కుమంటోంది.

లయపిచ్చి:
కింది కర్రను గుప్పిట బిగించి ఉంటారు. ఎడమచెయ్యి దొప్పలా వంచి, కర్రను వేలికొసల మీద, బొటనవేలి మీద ఊరికే ఆనించమనండి. కింద ఖాళీ ఉండాలి, అదే గుమ్మటం. పై కర్రతో సరిగ్గా నడిమధ్య కొట్టాలి. గట్టి చేవ కర్ర అయితే ఖంగుమంటుంది.