వీగన్ అయ్యాక మనస్సాక్షి కుదుటపడింది, దిగులు మాత్రం పోవట్లేదు

మాది గుంటూరు. మాంసం ఎప్పుడూ తినలేదు. పోయిన సంక్రాంతి నుంచి పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. దూడకి దక్కాల్సింది నేను తాగుతున్నానన్న బాధ పోయింది. ఆ విషయంలో చాలా ప్రశాంతంగా ఉంది.

కానీ వేసవి నుంచి రోజూ సాయంత్రం నాలుగు దాటితే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, చిన్న మాటకే ఏడుపు. అత్తయ్య బెజవాడ నుంచి ప్రేమగా తెచ్చిన దుర్గమ్మ లడ్డూ ప్రసాదం నెయ్యి ఉందని వద్దన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టెస్టు చేయిస్తే విటమిన్ బి12 158 వచ్చింది, కనీసం 200 ఉండాలట. థైరాయిడ్, హిమోగ్లోబిన్ నార్మల్. సోయా పాలు, వేరుశనగ పెరుగు, రాగి జావ తీసుకుంటున్నాను గానీ వాటిలో సహజంగా బి12 ఉండదు కదా. అందుకే డాక్టర్‌గారు రాసిన మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాముల బి12 మాత్ర (జంతువుల నుంచి తీసే జెలటిన్ క్యాప్సూల్ కాదు) నెల పైగా రోజూ ఉదయం వేసుకుంటున్నాను. తిమ్మిర్లు తగ్గాయి. చిరాకు, దిగులు అలాగే ఉన్నాయి. ధ్యానం, సాయంత్రం నడక కూడా పనిచేయలేదు. మళ్లీ పాలు తాగమని ఇంట్లో ఒకటే పోరు, అది నావల్ల కాదు.

బి12 తగ్గి ఇలాగే దిగులుపడ్డ వీగన్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మాత్రలు మొదలుపెట్టాక మీ మనసు మామూలు కావడానికి ఎంతకాలం పట్టింది?