మంజిష్ఠ ఎరుపు నూలు బట్ట మీద నిలవడం లేదు

ప్రశ్న: బొటిక్, డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం అన్నీ అయ్యాక అక్క ఇప్పుడు సహజ రంగుల అద్దకంలో దిగింది. రంగు పట్టడానికి పటిక పెట్టి, మంజిష్ఠ వేళ్లతో ఎరుపు అద్దినా అర కిలో నూలు బట్ట రెండు ఉతుకులకే పాలిపోతోంది. ఎందుకండీ?

జవాబు: గంజి పోలేదేమో. 10 గ్రాముల వాషింగ్ సోడాతో గంట ఉడికించండి. నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకాలి. నూలుకు పటిక ఒక్కటే సరిగ్గా పట్టదు, కరక్కాయలో ఉండే వగరు పదార్థం, టానిన్, కావాలి. 100 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో బట్టను రాత్రంతా నానబెట్టి, నీళ్లు పిండేసి, జాడించకుండా ఆరేయండి. ఆ తర్వాతే 75 గ్రాముల పటిక.

జవాబు: మంజిష్ఠను మరిగించారా? 70 డిగ్రీలు దాటితే ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇనప గిన్నె అసలొద్దు, కరక్కాయ తగిలితే నల్లబడుతుంది. స్టీలు వాడండి.

జవాబు: పసుపురంగుకి పసుపు కొమ్ములు మాత్రం వద్దు, ఎండకి ఎగిరిపోతుంది. దానిమ్మ తొక్కలే నయం.