జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలనట్టేనా?

తెనాలి చిన్నది:
అందరికీ వందనాలు. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఏడాది దాటింది. మొన్న ఉపవాస కూటానికి తీసుకెళ్తే ఒక అయ్యగారు నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మైకులోనే "ఇంకా తగ్గలేదంటే ఈ ఇంట్లో అవిశ్వాసం ఉంది" అన్నారు. అప్పట్నుంచి అమ్మ, సూదులు గుచ్చే ఆ చెయ్యి పైట కింద దాచుకుని కూర్చుంటోంది, ఏదో దొంగతనం చేసినట్టు. బైబిల్ వాక్యం నిజంగా అలా చెప్తోందా?

కృపాసేవకుడు:
సిస్టర్, అలా మైకులో అనడం తప్పే. కానీ యాకోబు 5:15 చూడండి: "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును." మా అన్నయ్యకి లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. సంఘమంతా మూడు రాత్రులు మోకరించింది. ఇవాళ పొలం వెళ్తున్నాడు. కళ్లారా చూసింది కాదనమంటారా?

పాత లూథరన్:
మీ అన్నయ్య విషయంలో దేవునికి స్తోత్రం. అయితే బాబూ, దాని ముందు వచనం కూడా చదువు. రోగి సంఘ పెద్దల్ని పిలిపించాలి, ప్రార్థన చేయాల్సింది పెద్దలు. మరి తగ్గకపోతే విశ్వాసం ఎవరిది తూచాలి? మంచంలో ఉన్నావిడదా?

ఊరూరా సువార్త చాటిన పౌలునే తీసుకో. ఎఫెసులో అతని చేతిగుడ్డలు తెచ్చి వేస్తేనే రోగాలు పోయాయి. ఆ పౌలే తన శిష్యుడు తిమోతికి కడుపు బాగాలేదంటే గుడ్డ పంపలేదు, కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన వెంట తిరిగిన ట్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు. తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధ తీసేయమని తనే మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". పౌలుకీ విశ్వాసం చాల్లేదందామా?

నైట్‌డ్యూటీ నర్సు:
తాతగారూ, బాగా చెప్పారు. కానీ ఆ ముల్లు వాక్యంతోనే జనాన్ని నొక్కేయడం కూడా చూశాను. మొగుడు కొడితే చెవి పక్కన ఆరు కుట్లు పడి మా వార్డులో చేరింది ఒకావిడ. చూడ్డానికొచ్చిన పాస్టరమ్మ "నీ సిలువ అనుకుని మోసుకో తల్లీ" అని చెప్పి, బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. లూకా 9:23లో సిలువను "ఎత్తికొని" అని ఉంది. ప్రభువును వెంబడిస్తూ మనంతట మనం ఎత్తుకునేది అది. తాగొచ్చినవాడి చెయ్యి సిలువెలా అవుతుంది?

కృపాసేవకుడు:
ఒప్పుకుంటాను. కానీ అన్యాయంగా శ్రమపడుతూ ఓర్చుకోమని పేతురు రాయలేదా? దాన్నేం చేద్దాం?

నైట్‌డ్యూటీ నర్సు:
అది దాసులకు రాసిన మాట బ్రదర్, పారిపోవడానికి దారి లేనివాళ్లకి. దారి ఉన్నప్పుడు పౌలేం చేశాడు? పట్టుకోవాలని కాపు కాస్తుంటే దమస్కు ఊరి గోడ మీంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. ఆ గంప మీద ప్రసంగం ఒక్కటీ వినలేదు నేను.

పాత లూథరన్:
గంప సంగతి నాకూ తట్టలేదమ్మా. చిన్నదానా, నీకొకటి చెప్తాను. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక మొత్తం చెడగొట్టారు. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీదే.

తెనాలి చిన్నది:
పెద్దల విశ్వాసం తూచాలన్న మాట అమ్మకి చదివి వినిపించాను తాతగారూ. చాన్నాళ్లకి నవ్వింది. ఆదివారం గుడికి మాత్రం రానంటోంది. నేనూ బలవంతపెట్టలేదు.